వంటింటి గోడ తీసేసే ముందు

(ఒక గ్రంథాలయం నెలవారీ సభలో ఒక ఆర్కిటెక్టు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండీ. ఆదివారం సాయంత్రం, అదీ ఇంత ఉక్కపోతలో, ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఇరవై నాలుగేళ్లుగా కాకినాడలోనూ ఆ చుట్టుపక్కలా ఇదే పని. ఈ మధ్య నా దగ్గరికొచ్చే ప్రతి జంటా, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగేలోపే ఒక మాటంటున్నారు. "మేడం, మాకు అంతా ఓపెన్‌గా కావాలండి." అని ఫోను తీసి ఫోటో చూపిస్తారు. పెద్ద హాలు, అందులోనే భోజనాల బల్ల, దాని పక్కనే తెల్లటి వంటిల్లు, మధ్యలో ఒక గట్టు. ఎక్కడా గోడ ఉండదు. పొయ్యి మీద గిన్నె కూడా ఉండదు.

ఆ ఫోటో నాకూ నచ్చుతుంది. నిజంగానే అందమైన చోటు అది. అయితే అందులో ఎవరో ఒకరు చింతపండు పిసుకుతూ, ఇంకొకరు పరీక్షకి చదువుకుంటూ, ఒక పెద్దావిడ దివాను మీద నడుం వాల్చి ఉన్నారనుకోండి, అప్పుడు ఆ చోటు ఎలా ఉంటుంది? నేను ఈరోజు చెప్పదల్చుకున్నది దాని గురించే. పుస్తకాల్లో చదివిందాని కంటే ముందు మా ఇంటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ గోడ నేను కూడా తీయించాను.

మేం 2011లో కాకినాడలో ఫ్లాటు తీసుకున్నాం. మూడు పడగ్గదులు, 1,250 చదరపు అడుగులు. అప్పటికి గోడలు లేచాయి గానీ ప్లాస్టరింగు కాలేదు. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న నాలుగున్నర అంగుళాల గోడ వద్దని నేనే చెప్పాను. మేస్త్రి పెద్దాయన, గోదావరి లంకల్లో పాత ఇళ్లు కట్టిన కుటుంబం. ఆయన గోడకేసి, నాకేసి చూసి, "తీసేత్తాను గానీ అమ్మా, పొగ ఎటు పోద్ది?" అన్నాడు. చిమ్నీ పెడుతున్నాంలే అన్నాను. ఆ ప్రశ్న తర్వాత చాలా ఏళ్లు నన్ను వెంటాడింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు మంచి చెప్పాలి. మొదటి వేసవిలోనే తెలిసింది, హాలు తూర్పు కిటికీలోంచి వచ్చిన గాలి నేరుగా వంటింటి వెనక బాల్కనీ దాకా పోతోంది. గోడ ఉన్న పక్క ఫ్లాటులో హాల్లో గాలి హాల్లోనే తిరిగేది. పొద్దుటి ఎండ పొయ్యి గట్టు దాకా వచ్చేది. పగటిపూట వంటింట్లో లైటు వేసే పని లేకుండా పోయింది. స్థలం కూడా కలిసొచ్చింది. వంటింటికి వెళ్లడానికని విడిగా నడవా వదిలితే, మూడున్నర అడుగుల వెడల్పు, పదడుగుల పొడవు వేసుకున్నా 35 చదరపు అడుగులు నడకకే పోతాయి. చిన్న ఫ్లాటులో అది ఒక మంచం, ఒక బీరువా పట్టే చోటు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళిలో వంటిల్లు విడిగా ఉంటే కనీసం 5 చదరపు మీటర్లు, భోజనాలు కూడా అందులోనే అయితే 7.5 చదరపు మీటర్లు ఉండాలని ఉంది. ఆ రెంటికీ విడివిడిగా గదులు కట్టలేని మధ్యతరగతి ఇంటికి, కలిపేయడం ఒక్కోసారి సోకు కానే కాదు, గత్యంతరం లేక చేసేది.

కానీ నాకు అన్నిటికంటే విలువైంది వేరే. 2013లో మా అత్తయ్యకి మోకాలి ఆపరేషనైంది. నెలన్నర పాటు హాల్లో దివాను మీదే ఆవిడ పడక. నేను పొయ్యి దగ్గర నిలబడి తల తిప్పితే ఆవిడ కనపడేది. ఒకరోజు పొద్దున్న కూర కలుపుతున్నాను. వాకరు చేతికందక, గోడ పట్టుకుని లేవబోయింది. మనిషి ముందుకి తూలడం నాకు కనపడింది. గరిటె పొయ్యి మీదే వదిలేసి నాలుగంగల్లో వెళ్లి పట్టుకున్నాను. కూర మాడిపోయింది. ఆ గోడ ఉండి ఉంటే నాకు వినపడేది ఆవిడ పడ్డ చప్పుడే. వయసు పైబడ్డవాళ్లూ, పాకే పిల్లలూ ఉన్న ఇంట్లో, వంట చేసే మనిషికి హాలు కనపడటం ఎంత అవసరమో ఆరోజు నాకు తెలిసింది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది కొంచెం లోపలి సంగతి. మా అమ్మమ్మ వాళ్లది అమలాపురం దగ్గర మండువా ఇల్లు. మా అమ్మని చూడ్డానికి పెళ్లివారు వచ్చినప్పుడు, మా అమ్మమ్మ వెనక వంటింట్లో ఉప్మా కలియబెడుతోందిట. ముందు పంచలో కట్నకానుకలు, ముహూర్తాలు అన్నీ మాట్లాడేశారు. కన్నకూతురి పెళ్లి మాటలు ఆవిడ తలుపు సందులోంచి చెవి ఒగ్గి విన్నదిట, అదీ సగం సగం. మధ్యలో ఎవరో "కాఫీలు" అని కేకేస్తే మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగు. ఆవిడ ఈ సంగతి డెబ్బయ్యేళ్లు దాటాక కూడా చెప్పేది, చెప్పినప్పుడల్లా గొంతు మారేది. మడి పేరుతోనో మర్యాద పేరుతోనో వంటింటికి కట్టిన గోడ, పొగతో పాటు ఆడవాళ్లని కూడా లోపలే ఉంచింది. ఇవాళ ఒక అమ్మాయి "నేను వండుతూ ఉంటే నాకు కూడా మాటలు వినపడాలండి, అందరిలో నేనూ ఉండాలి" అని అడిగితే, ఆ కోరికని ఫ్యాషను అని కొట్టిపారేసే హక్కు మనకి లేదు. నేనైతే కొట్టిపారేయను.

ఇక రెండో వైపు.

2019లో మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున్న నాలుగున్నరకి లేచి చదువుకునేది. నేను ఐదింటికి లేచేదాన్ని. దాని గది తలుపు హాల్లోకే. నేను కుక్కరు పెట్టేదాన్ని, అది కూత కూసేది. కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసేదాన్ని. కొన్నాళ్లకి అది చెవుల్లో దూది పెట్టుకోవడం చూశాను. పచ్చడి రాత్రే చేసిపెట్టడం మొదలుపెట్టాను. అయినా ఒక రోజు పుస్తకాలు సర్దుకుని స్నేహితురాలింటికి బయల్దేరింది. "మనింట్లో నాకు తలుపేసుకునే చోటు లేదమ్మా" అంది. "అదేంటి, నీకు రూముందిగా" అన్నాను. "రూముంది. తలుపేసుకున్నా మిక్సీ నా బల్ల మీద తిరుగుతున్నట్టే ఉంటుంది" అంది.

నేను ఇళ్లు గీసే మనిషిని. నా కూతురికి చదువుకునే చోటు నేనే తీసేశానా అని ఆరోజు మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేకపోయాను. సాయంత్రం హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూశాను. మీరూ ఇవాళ ఇంటికెళ్లి కొట్టి చూడండి. నునుపైన విట్రిఫైడ్ టైల్సు, నునుపైన పుట్టీ గోడలు, సిమెంటు స్లాబు, గ్రానైటు గట్టు. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు, అన్నీ వెనక్కి కొట్టేవే. చప్పట్ల చప్పుడు గంటలా మోగింది. అంత పెద్ద గదిలో మిక్సీ తిప్పితే ఆ మోత గోడ నుంచి గోడకి కొట్టుకుంటూ తలుపు కింది సందులోంచి కూడా దూరుతుంది. మూసి ఉన్న వంటింట్లో తిప్పితే రెండు తలుపులు దాటాలి. తేడా అంతా ఆ రెండో తలుపే.

తాలింపు సంగతి మీకు నేను చెప్పాలా? ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెట్టగానే హాల్లో టీవీ చూస్తున్నవాళ్లంతా ఒకేసారి దగ్గుతారు. ఘాటు ఐదు నిమిషాల్లో పోతుంది. పోనిది జిడ్డు. నూనె ఆవిరి కంటికి కనపడదు, చల్లగా ఉన్న ప్రతిదాని మీదా వెళ్లి కూర్చుంటుంది. దసరా ముందు ఫ్యాన్లు దులిపినప్పుడు చూడండి, పడగ్గది ఫ్యాను మీది దుమ్ము పొడిగా రాలుతుంది. మా హాలు ఫ్యాను రెక్కల మీది దుమ్ము నల్లగా, తారు పూసినట్టు అంటుకుని ఉండేది. సర్ఫు నీళ్లు చాలక, కత్తితో గీకాల్సొచ్చింది. మా పుస్తకాల అలమర కూడా హాల్లోనే ఉంది. ఆరేడేళ్లకి ఒక పాత నిఘంటువు తీద్దామని వేలేస్తే, అట్ట పక్క పుస్తకానికి అతుక్కుని ఉంది. రెండూ కలిసి ఊడొచ్చాయి. మా మావగారి తండ్రి కొన్న పుస్తకం అది. గ్రంథాలయంలో నిలబడి ఈ మాట చెబుతుంటే నాకు కష్టంగానే ఉంది.

చుట్టాలొస్తే ఇంకో ఇబ్బంది. హాల్లో ఎవరైనా మగవాళ్లు కూర్చుంటే మా అత్తయ్య మంచినీళ్లకి కూడా గదిలోంచి బయటికొచ్చేది కాదు. వంట సగంలో ఉంటుంది, చెమటలు కారుతుంటాయి, గిన్నెలు సింకులో గుట్టగా ఉంటాయి. అదంతా వచ్చినవాళ్ల కళ్లెదుటే. పనిమనిషి కూడా ఒకసారి అంది నాతో: "మీ ఇంట్లో అంట్లు తోముతుంటే అందరూ నన్నే చూత్తన్నట్టుంటదమ్మా." మా అమ్మమ్మని లోపల దాచింది గోడ. గోడ తీసేసి మేం పని చేసే మనుషుల్ని వేదిక ఎక్కించాం. వంట చేసే మనిషికి నలుగురిలో ఉండాలనీ ఉంటుంది, కాసేపు ఎవరికీ కనపడకుండా ఉండాలనీ ఉంటుంది. రెండూ ఒకే మనిషివి, ఒకే రోజులో.

ఇక్కడ మా మేస్త్రి ప్రశ్న దగ్గరికి వస్తాను. "పొగ ఎటు పోద్ది?"

చాలామంది నాతో అంటారు, మన మండువా లోగిళ్లు ఓపెన్ ప్లానే కదండీ, మనం కొత్తగా చేసిందేముంది అని. నేనూ ఒకప్పుడు అలాగే వాదించాను. మా అమ్మమ్మ ఇంటిని తర్వాత నేనే టేపు పట్టుకుని కొలిచాను. వీధి గుమ్మంలో నిలబడితే మండువా దాటి పెరటి గుమ్మం దాకా ఒకే గీతలో కనపడుతుంది. మధ్యలో ఆకాశం. నాలుగు వైపులా పంచలు. చూరు నీళ్లు నాలుగు వైపుల నుంచీ మధ్యలోకి పడి, తూము గుండా బయటికి పోతాయి. పిల్లలు ఆడుకున్నా, వడియాలు పెట్టినా, పెళ్లి చేసినా అక్కడే. నిజమే, అది అందరి చోటూ. కానీ మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఆ నాలుగు పంచల వెనకా తలుపులున్న గదులున్నాయి. రెండు, వంటిల్లు వెనక ఒక మూలకి, పెరటి వైపు ఉంది. మూడోది నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది. మండువాకి కప్పు లేదు. పొగైనా, వేడైనా, పిల్లల గోలైనా, రోటి చప్పుడైనా పైకి పోయేది. మన ఫ్లాటు హాలుకి పది అడుగుల ఎత్తులో స్లాబు ఉంది. ఆ పైన ఇంకొకళ్లిల్లు. గోడలు తీశాం, కప్పు తీయలేం కదా. లోపల పుట్టిందంతా లోపలే తిరుగుతుంది.

మన పాత ఇళ్లు ఏవి చూసినా ఈ ఇంగితం కనపడుతుంది. రాయలసీమ మట్టి మిద్దెలకి పైన గవాక్షి ఉంటుంది, వెలుగు లోపలికి, పొగ బయటికి. తెలంగాణలో భవంతి ఇళ్లకీ మధ్యలో ఆకాశమే. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లు చూడండి, అవి చాలావరకు ఒకే గది ఇళ్లు. అక్కడ కొందరు పొయ్యిని బయట చూరు కిందో పందిరి కిందో పెట్టుకున్నారు.

పై దేశాల కథ కూడా మనం అనుకునేలా లేదు. గోడల్లేని ఇంటికి పేరు తెచ్చినవాళ్లలో అమెరికా ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ ముందుంటాడు. చికాగోలో ఆయన కట్టిన రోబీ హౌస్ 1910లో పూర్తయింది. కూర్చునే హాలు, భోజనాల చోటు ఒకే పొడవాటి గదిలా సాగుతాయి, మధ్యలో చలిమంట గూడు మాత్రం అడ్డు. కానీ ఆ ఇంట్లో వంటిల్లు ఎక్కడుంది? వెనక, పనివాళ్ల గదుల పక్కన, విడిగా. తర్వాత 1914లో లె కార్బూజియే, మన చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన ఆయనే, కాంక్రీటు స్తంభాలూ స్లాబులూ మాత్రమే ఉన్న ఒక చట్రం గీశాడు. దానికి డోమ్-ఇనో అని పేరు పెట్టాడు. బరువంతా స్తంభాలు మోస్తే గోడ ఎక్కడైనా పెట్టొచ్చు, ఎక్కడైనా తీయొచ్చు. ఇవాళ మన ఊళ్లో లేచే అపార్టుమెంట్లు చాలావరకు ఆ పద్ధతిలో కట్టినవే. గోడ తీయడం సులువైంది అందుకే.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైంది 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు. మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలోని ఆ ఊరు కార్మికుల కోసం వేల ఇళ్లు కడుతోంది. స్థలం తక్కువ. ఆవిడ వంటింటిని దాదాపు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవుకి కుదించింది. ఆడవాళ్లు ఎన్ని అడుగులు వేస్తున్నారు, ఏ గిన్నె కోసం ఎటు తిరుగుతున్నారు అని లెక్కగట్టి గీసింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఆ వంటిల్లు మూసి ఉన్న గది. అయితే కూర్చునే గది వైపు ఒక జరిపే తలుపు పెట్టింది. వంట చేస్తూ తలుపు జరిపితే ఆడుకునే పిల్లలు కనపడతారు. పొగ లేచినప్పుడు మూసేయొచ్చు. నేను కాలేజీలో ఈ బొమ్మని పరీక్ష కోసం గీశాను. దాని విలువ మా అమ్మాయి దూది పెట్టుకున్నాక తెలిసింది.

(సభలో ఒకరు: "మంచి చిమ్నీ పెట్టుకుంటే సరిపోదా అండీ?")

చాలావరకు సాయపడుతుందండీ, సరిగ్గా పెడితే. పైపు బయటికి పోవాలి. పైపు లేకుండా ఫిల్టరుతో నడిచేవి గాలిని వడగట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతాయి. వాసన కొంత తగ్గుతుంది, వేడీ తేమా తగ్గవు. పైపు ఎన్ని వంపులు తిరిగితే లాగే బలం అంత తగ్గుతుంది. నేను చూసిన ఒకింట్లో పైపు నాలుగు వంపులు తిరిగి బాల్కనీకి చేరింది. ఖరీదైన మిషనే, లాగేది మాత్రం అంతంత. ఇంకో ముఖ్యమైన సంగతి, చిమ్నీ గాలిని బయటికి లాగాలంటే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. కిటికీలన్నీ బిగించి, ఏసీ వేసుకుని చిమ్నీ తిప్పితే పాపం అది దేన్ని లాగుతుంది? పోపు పెట్టేటప్పుడు ఒక కిటికీ తీసి ఉంచండి.

ఏసీ అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెబుతాను. మన ఎండలకి మేం మోటుగా 120 చదరపు అడుగులకి ఒక టన్ను అని వేసుకుంటాం. పన్నెండు పద్నాలుగు అడుగుల హాలు 168 చదరపు అడుగులు, ఒకటిన్నర టన్ను సరిపోతుంది. అదే హాలు, భోజనాల చోటు, వంటిల్లు కలిపి 400 దాటితే మూడు టన్నుల పైనే కావాలి. అందులోనూ పొయ్యి వెలుగుతూ ఉంటుంది. రోహిణి కార్తెలో ఒక పక్క పొయ్యి, ఒక పక్క ఏసీ ఒకే గదిలో నడిపితే కరెంటు బిల్లు ఎలా వస్తుందో మీరే చూస్తారు.

గ్యాసు గురించి ఒక్క మాట. మనం వాడే ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. చాలా ఓపెన్ ఇళ్లలో దేవుడి మందిరం కూడా ఆ హాల్లోనే ఒక మూల ఉంటుంది, దీపం వెలుగుతూ. పొయ్యికీ దీపానికీ మధ్య ఒక గుమ్మం కూడా లేదు. సిలిండరు బయట బాల్కనీలో పెట్టి పైపు లోపలికి తెచ్చుకోండి. వంటింటి బయటి గోడకి నేలకి దగ్గరగా ఒక గాలి కన్నం పెట్టించండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఇప్పుడు, ఉన్న ఇంట్లో గోడ తీయించాలనుకునేవాళ్లకి చెప్పాల్సింది చాలా గట్టిగా చెబుతాను. స్తంభాలూ బీములూ ఉన్న ఇంట్లో మధ్య గోడ మామూలుగా బరువు మోయదు. కానీ పాత డాబాల్లో స్తంభాలుండవు, తొమ్మిది అంగుళాల గోడలే స్లాబుని మోస్తాయి. అలాంటి గోడ తీస్తే పైకప్పు కుంగుతుంది. కొత్తగా అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టే పెద్ద అపార్టుమెంట్లలో లోపలి గోడలు చాలా వరకు కాంక్రీటువే, ఇటుకలవి కావు. అవే భవనాన్ని నిలబెట్టేవి. అందులో ఒక తలుపంత రంధ్రం కూడా చేయకూడదు. ఒక ఊళ్లో నన్ను పిలిచారు, నేను వెళ్లేసరికే గోడ సగం పగలగొట్టేశారు. లోపల ఇనుప చువ్వలు బయటపడ్డాయి. పని చేస్తున్న కుర్రాడు వాటిని కోయడానికి మిషను తెస్తున్నాడు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పైన తొమ్మిది అంతస్తుల జనం ఉన్నారు. గోడ మీద గునపం పడకముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకి డ్రాయింగులు చూపించండి. మేస్త్రి మాట, నాలాంటి ఆర్కిటెక్టు మాట కూడా దీనికి చాలదు.

మేం చివరికి ఏం చేశామంటే, 2020లో మళ్లీ గోడ కట్టలేదు. హాలుకీ వంటింటికీ మధ్య అద్దాల జరిపే తలుపు పెట్టించాం. మూడు పట్టాల మీద మూడు రెక్కలు. అన్నీ ఒక పక్కకి జరిపితే మూడింట రెండు వంతులు తెరుచుకుంటుంది. పట్టాని నేలలోకి దించాం, అత్తయ్య వాకరు తట్టుకోకుండా. వంటింటి వైపు అద్దం కింది సగం గరుకుది, సింకులో గిన్నెలు కనపడవు. పై సగం తేట అద్దం, అత్తయ్య కనపడుతుంది. మిక్సీని వెనక బాల్కనీలో బట్టలుతికే చోటికి మార్చాం, కింద దళసరి రబ్బరు పలక వేశాం. హాల్లో ఒక గోడకి పుస్తకాల అలమరలు, కిటికీలకి మందపాటి కర్టెన్లు. ఇప్పుడు చప్పట్లు కొడితే ఆ గంట మోత లేదు.

ఆ తలుపు రోజులో ఎన్నిసార్లు జరుగుతుందో ఒక వారం గమనించాను. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా మూసే ఉంటుంది. తర్వాత తెరిచి ఉంటుంది. పోపు పెట్టేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి మూస్తారు, ఎక్కువగా మా ఆయనే. సాయంత్రం టీ వేళకి తెరిచి ఉంటుంది, నేను ఉల్లిపాయలు తరుగుతూ హాల్లో వాళ్లతో మాట్లాడతాను. చుట్టాలొస్తే మా అత్తయ్య లోపలికొచ్చి తనే మూసుకుంటుంది. ఆ తలుపు ఆవిడ చేత్తో మూసుకుంటున్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. అమ్మమ్మ తలుపు వేరేవాళ్లు మూశారు.

అందుకే ఇప్పుడు నా దగ్గరికొచ్చినవాళ్లని ఓపెన్ కావాలా వద్దా అని అడగడం మానేశాను. పొద్దున్న ముందు ఎవరు లేస్తారు, ఎవరు ఇంట్లోంచి పనిచేస్తారు, రోజుకి ఎన్ని పోపులు, పెద్దవాళ్ల పడక ఎక్కడ, పిల్లలు ఏ క్లాసు, ఇవి అడుగుతాను. వంట ఎవరు చేస్తారో వాళ్లు ఆ సమావేశంలో ఉండి తీరాలని కూడా అడుగుతాను. చాలాసార్లు వంట చేసే మనిషి రాకుండానే ప్లాను ఖాయమైపోతుంది.

(సభలో ఒకరు: "మాది రెండు పడగ్గదుల చిన్న ఫ్లాటండీ. వంటిల్లు ఇప్పటికే హాల్లో కలిసే ఉంది. అద్దె ఇల్లు. మేం ఏం చేయాలి?")

అద్దె ఇల్లు కాబట్టి గోడల జోలికి వెళ్లొద్దు. పైనుంచి ఒక కడ్డీ బిగించి దళసరి కర్టెను వేయండి, పొయ్యికి మూడడుగుల దూరంలోనైనా ఉండాలి, నిప్పుకి దగ్గరగా వద్దు. హాలు వైపు వెనక పలక ఉన్న ఎత్తయిన అలమర ఒకటి అడ్డంగా పెట్టుకోండి, కదలకుండా గోడకి బిగించి. మిక్సీ కింద నాలుగు మడతలు పెట్టిన పాత తువ్వాలు వేయండి, మోత బల్లలోకి దిగడం తగ్గుతుంది. వేపుళ్లు చేసే పూట కిటికీ తీసి, దానికి ఎదురు కిటికీ కూడా తీయండి. మీకు పిల్లలున్నారా? ఏ క్లాసు? తొమ్మిదో తరగతా... అయితే ముందు వాడి బల్ల ఎక్కడుందో నాకు చెప్పండి. ప్లాను కాగితం ఉంటే ఇంకా మంచిది.

మిగతావాళ్లు కూడా ప్లాన్లు తెచ్చుకుంటే, నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. పెన్సిలుంది, టేపుంది. ఎనిమిదింటి దాకా ఉంటాను, ఒక్కొక్కరూ రండి.